పన్నెండోది

వవావు దీవి. ఆటు వేళ.
పాత టైరు చెప్పులతో, మోకాలి లోతు నీళ్లలో
పగడాల మీద నడుస్తోంది మెలెనైతె.
లెక్కపెడుతోంది.

వాళ్లమ్మ కాలంలో ఊరంతా కలిసి
ఇంటికొకటి చొప్పున
పన్నెండు వాసువాలను ఇక్కడ వలయంగా పేర్చారు.
ఇద్దరు పడితే గాని కదలని ఆల్చిప్పలు.
ఎందుకంటే,
ఒంటరిది ఎంత విత్తు చల్లినా నీళ్లపాలే.
దగ్గరదగ్గరగా ఉంటే
ఒకటి మొదలుపెట్టగానే పక్కదానికి వాసన తగులుతుంది,
దాని పక్కదానికి, ఆ పక్కదానికి.
ఆ సాయంత్రం నీళ్లు గంజిలా తెల్లబడతాయి.
మెలెనైతె ఒక్కసారే చూసింది.
అప్పుడామెకు తొమ్మిదో నెల.
నవ్వాపుకోలేక అక్కడే ఇసుకలో కూలబడింది.

తుఫాను వెళ్లి పదహారు రోజులు.
చర్చి కప్పు రేకు ఒకటి రాళ్లలో ఇరుక్కుని
అలకొకసారి మోగుతోంది.

ఒకటి. రెండు.
నోళ్లు తెరిచే ఉన్నాయి.
పెదవుల మీద ఆ నెమలికంఠం రంగు,
అంచు వెంట ఆవగింజలంత కళ్లు.
ఆమె నీడ పడగానే ముడుచుకున్నాయి.
"నేనే," అంది.
అవి నమ్మలేదు.
ఎండ తిని బతికేవాటికి
ఏ నీడైనా దొంగే.

ఐదోది బోర్లా పడి ఉంది.
భుజం ఆనించి మూడుసార్లు తోసింది.
నాలుగోసారికి వెల్లకిలా తిరిగింది.
లోపల ఓ పీత కాపురం పెట్టేసింది.
దాన్ని వరసలోనే ఉంచింది,
లెక్కలోంచి తీసేసింది.

మొత్తం పది.
పన్నెండోది ఉండాల్సిన చోట
గుండ్రటి తెల్ల ఇసుక. పక్క రాతి మీద గడ్డపార గీత.
తుఫానులు గడ్డపార పట్టవు.

ఒడ్డున కెలేపి పందులకు నీళ్లు పోస్తున్నాడు.
తొట్టి కొత్తది.
లోపలంతా మీగడ తెలుపు, అంచు మడతలు మడతలుగా.
ఆమె బట్టల్లోంచి నీళ్లు కారుతున్నాయి. నిలబడింది.
"సరుకుల ఓడ రాలేదు," అన్నాడు చివరికి.
"నలుగురు పిల్లలు."
కాసేపాగి,
"నీకూ పంపాను. కొబ్బరిపాలలో."

అవును.
ఆ రాత్రి గిన్నెలో ఏముందని అడగలేదు తను.
తెలిసే అడగలేదు.
గిన్నె వేలితో తుడిచి మరీ నాకింది.

మర్నాటి ఆటుకు ఇద్దరూ దిగారు.
పదే మిగిలాయి గనక వలయాన్ని చిన్నది చేయాలి,
ఒకదాని ఊపిరి ఒకదానికి అందేలా.
ఇద్దరి నీడలూ కలిసి పడేసరికి
పదీ టపటపా నోళ్లు మూసుకున్నాయి.
ఎత్తడానికి ఇదే అదను, అన్నాడు కెలేపి.
"కింద చేతులు పెట్టు," అంది ఆమె,
"పెదవి నలగనీయకు."