అప్పుతచ్చు

నా గుర్తింపు సంఖ్య చివర అంకె లేదు,
కె అనే అక్షరం ఉంది.
బళ్లో పిల్లలు దాన్ని తోక అనేవాళ్లు.

పంతొమ్మిదో ఏట, వాల్దివియాలో,
నాలుగు రోజులుగా తెరిపివ్వని జూలై వానలో
ఒరియెత్తా ష్వెంకె మేడమ్
బోర్డు మీద తన సంఖ్యే రాసి
కుడి నుంచి ఎడమకి
రెండుతో, మూడుతో, నాలుగుతో గుణిస్తూ పోయింది.
ఏడు దాకా వెళ్లి మళ్లీ రెండు.
మొత్తాన్ని పదకొండుతో భాగించి
శేషాన్ని పదకొండులోంచి తీసేస్తే
అదే కాపలా అంకె.
మరి పది వస్తే?
పదికి ఒక్క గడి చాలదు.
అందుకని కె.

ఇన్నాళ్లూ నేను మోసింది తోక కాదు,
పది.

పక్కపక్క అంకెలు చోట్లు మార్చుకున్నా
ఈ లెక్క పట్టేస్తుందట,
అచ్చుతప్పు అనబోయి
అప్పుతచ్చు అన్నవాడు దొరికిపోయినట్టు.

మా అమ్మకి ఈ చదువు అక్కర్లేదు.
నది ఒడ్డు చేపల బజార్లో
బల్లల వెనకే సముద్ర సింహాలు గొంతు చించుకుంటుంటే
పొగబెట్టిన ఆల్చిప్పల దండ పైకెత్తి
మూడు వేలు, మూడు వేలు, మూడు వేలు అంటుంది.
ఒక మాట సింహం మింగినా
రెండు మిగులుతాయి.
బేరం ఆ రెండింటితోనే.

ఆగస్టులో ఏడు బిట్ల పాఠం.
నాలుగు మాట, మూడు కాపలా.
ఒక్క బిట్టు తిరగబడితే
ఏది తిరగబడిందో వేలు పెట్టి చూపిస్తుంది.
నాడి పట్టుకుని రోగం చెప్పే వైద్యుడిలా.
నూట ఇరవై ఎనిమిది వరసల్లో
పదహారే అసలు మాటలు.
మిగతావన్నీ ఏదో ఒక మాట ఇంటి గుమ్మంలోనే ఉంటాయి,
ఒక్క అడుగు దూరంలో.
ఎవరికీ చెందని వరస ఒక్కటీ లేదు.
దీన్ని పరిపూర్ణ సంకేతం అంటారు, అంది మేడమ్
కొత్తగా కట్టిన ఇల్లు చూపిస్తున్నట్టు.

రెండు తప్పులొస్తే? అని అడిగాడు వెనక బెంచీ ఎవరిస్తో.

అప్పుడూ సరిదిద్దుతుంది, అంది.
ఏ మాత్రం తడబడకుండా
వేరే వాళ్లింటికి తీసుకెళ్లి దిగబెడుతుంది.

నేను రాసుకోవడం ఆపేశాను.

మా ముత్తాత కాత్రిలెఫ్.
చివరి ఆ లెఫ్ అంటే మా మాపూచే మాటల్లో పరుగు.
రిజిస్ట్రీ గుమాస్తాకి చెవిన సరిగ్గా పడలేదో
పడ్డా అక్కర్లేదనుకున్నాడో
కాత్రిలెస్ అని రాశాడు.
ఒక్క అక్షరం.
అక్కడితో మా పేరు పరిగెత్తడం మానేసింది.
అమ్మ అప్పుల పుస్తకం మీద కూడా ఆ ఎస్సే.
ఇక యూనివర్సిటీలో ఆ పేరూ ఎవరూ వినలేదు గనక
లైబ్రరీ కార్డు మీద నన్ను కాస్త్రో చేశారు.
కాస్త్రోలు క్లాసులో ముగ్గురున్నారు.
నాలుగో దాన్ని నేను.
ఎంత పరిపూర్ణం!
ఇక్కడ ఎవరూ బయట నిలబడక్కర్లేదు.

తర్వాతి వారం ఎనిమిదో బిట్టు కలిపింది మేడమ్.
అది దేన్నీ దిద్దదు.
రెండు తప్పులు జరిగినప్పుడు మాత్రం
ఏదో తేడా ఉంది, ఏమిటో నాకు తెలీదు
అంటుంది, అంతే.
ఒక్క బిట్టు ఖర్చు, ఆ మాటకి.
ఎవరిస్తో నవ్వాడు.
నాకు నవ్వు రాలేదు.

పరీక్ష కాగితం మీద పేరు గడిలో
ఎఫ్ తో రాశాను.
చెయ్యి కొంచెం వణికింది,
ఆ అక్షరం పక్కకి ఒరిగింది.
కాగితాలు తీసుకుంటూ మేడమ్ ఎర్ర పెన్ను ఎత్తింది,
జాబితాలో వెతికింది,
మళ్లీ కాగితం చూసింది.
పెన్ను మూత పెట్టింది.

ఇదెలా పలకాలి? అని అడిగింది.

రేకుల మీద వాన.
మూడుసార్లు చెప్పాను.