పావు మిల్లీమీటరు

తార్నాక ల్యాబులో ఫ్యాను మూడు మీద పెడితే
పుర్రెలు దొర్లుతాయి.
అందుకే మే నెలలోనూ ఒకటి మీదే.
చెమట కాలిపర్ మీద పడకుండా
నుదుటికి ఒక రుమాలు, మణికట్టుకి ఒకటి.

ట్రేలో యాభై మూడు.
జైసల్మేరు అవతల ఇసుకలో బోనున పడ్డ ఎలుకలు,
నేను పుట్టకముందే
రేకు డబ్బాల్లో రైలెక్కి సికింద్రాబాదులో దిగినవి.
ఒక్కో తల ఇప్పుడు
రెండు చింతగింజలు వరసగా పెట్టినంత.

జాతులు రెండు, ఇసుక ఒకటే.
చర్మం ఉంటే చిటికెలో పని:
అరికాలికి వెంట్రుకలుంటే ఒకటి,
నున్నగా ఉంటే ఇంకోటి.
ఒక వానాకాలం బీరువా తలుపు సరిగ్గా పడక
తోళ్లన్నీ పురుగుల పాలయ్యాయి.
ఇక ఎముకనే అడగాలి.

ముక్కు కొస నుంచి మెడ గుంత దాకా.
పై దవడ పళ్ల వరస.
కళ్ల నడుమ ఇరుకు చోటు.
ఆఖరికి చెవి వెనక ఆ బుడగ,
కుంకుడు నురగలో లేచినంత పల్చన,
కిటికీ వైపు పడితే లోపలి గోడలు కనిపిస్తాయి.
గుడ్లగూబ రెక్క గాలిని కోసే చప్పుడు
అందులో ముందే మోగేదట.
దాని మీద ఉక్కు దవడలు మూసేటప్పుడు
ఊపిరి బిగబడతాను.
రెండేళ్ల కిందట ఒకటి చిట్లింది.
ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

వీటిని ఉడికించి, తోమి, ఆరబెట్టింది ఇబాదత్ సాబ్.
రిటైరయ్యాక ఒకసారి వచ్చి
ఒక పుర్రెను అరచేతిలో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.
"నున్నకాలుది అమ్మా. గిట్ల పట్టుకుంటే తెల్వదా?
మా అబ్బా లాడ్ బజార్ల గాజులమ్మేటోడు.
చెయ్యి చాపితే చాలు, సైజు చెప్పేటోడు."
ఆయన వెళ్లాక నేను కొలిచాను. నున్నకాలుదే.

నలభై ఒకటి దగ్గర ఆగిపోయాను.
పొడవు ఒక జాతి అంటుంది, బుడగ ఇంకో జాతి అంటుంది.
ఎనిమిది పాయింట్ తొమ్మిది.
మళ్లీ తీస్తే తొమ్మిది పాయింట్ ఒకటి.
మూడోసారి తీస్తే రెంటికీ మధ్య.
ఎలుక మారలేదు.
నా వేలి ఒత్తిడి మారుతోంది.

శనివారం చెల్లెలు ఇందీవరతో లాడ్ బజారుకెళ్లాను.
ఫోన్లో మా ఇద్దరి గొంతుల్ని
అమ్మే పోల్చుకోలేదు.
దుకాణంలో పెద్దామె మా బొటనవేళ్ల కీళ్లు ఒత్తి చూసి
"అక్కకు రెండున్నర, చెల్లెకు రెండుంబావు" అంది.
నాది నీళ్లలా జారిపోయింది.
ఇందీవరది కణుపు దగ్గర ఇరుక్కుని
సబ్బునీళ్లు తెప్పించాల్సొచ్చింది.
ఒకటి పగిలింది, కొంచెం రక్తం.
"కొన్ని చేతులు అబద్ధమాడ్తయి బిడ్డా,"
ఆమె నవ్వింది, పగిలినదానికి డబ్బులు తీసుకోలేదు.

సోమవారం నలభై ఒకటి పెట్టె
దూదితో సహా బయటికి తీశాను.
అడుగున మడత పెట్టిన చీటీ.
ఇబాదత్ సాబ్ రాతే: తేదీ, ఊరు, మగ, బరువు.
జాతి గడిలో ఏదో రాసి చెరిపేశాడు,
దాని మీద మళ్లీ రాసి మళ్లీ చెరిపేశాడు,
కాగితం అక్కడ బుడగంత పల్చబడి
వెలుగుని లోపలికి రానిస్తోంది.

మూడు కొలతలూ రాశాను.
పేరు దగ్గర పెన్సిల్ ఆనించి తీసేశాను.
నలభై రెండో పెట్టె మూత కాస్త బిగుసుకుని ఉంది,
గోటితో లేపాను.