మరకలు అన్న గడిలో

స్కానర్ గాజు మీద
బోర్లా పడుకోబెట్టాను పాటల పుస్తకాన్ని.
ఎనిమిది పేజీలుండాలి, ఆరే ఉన్నాయి.
అట్ట మీది హీరోయిన్‌కి ఒక కన్నే మిగిలింది,
రెండోది చెదలు చూసుకున్నాయి.

యూనివర్సిటీ పాత బ్లాకులో ఈ గది
కిటికీ తీస్తే ఉప్పుగాలి, మూస్తే ఉక్క.
తెర మీద ఖాళీ గళ్ళు అడుగుతున్నాయి:
ఎవరు రాశారు? ఏ సంవత్సరం? ఏ ప్రెస్సు?
తెలీదు. తెలీదు.
పూర్ణా మార్కెట్ వెనక ఏదో ఉండేదట.
విషయం అన్నచోట, గైడు గారు చెప్పినట్టే,
జనాదరణ సంస్కృతి అని కొట్టాను.
స్థితి అన్నచోట
మరకలు, పెన్సిలు గీతలు, రెండు పేజీలు లోపం.

"ఏటి రాసినావు బాబూ?"
వెనక స్టూలు మీద బర్రి పోలమ్మ.
జగదాంబ సెంటర్లో మేట్నీ గేటు బయట
ముప్పై ఏళ్ళు పాటలమ్మిన మనిషి,
ఒక్క అక్షరమూ రాని మనిషి.
నూట పద్నాలుగు పుస్తకాలు
పాత చీర మూటలో ఆటో ఎక్కించి తెచ్చింది.

చదివి వినిపించాను.

"గీతలేటి? మనుసులవి.
ఈ సక్రం రిచ్చా సూరప్పడు.
నాలుగ్గీతలు నాలుగు పావలాలు, తీర్చనేదు.
ఈ సేప జెట్టీకాడి గుంటడు,
నాగే సదూరాదు, బొమ్మ కోసం కొనీవోడు.
ఈ పువ్వు ఆస్పత్రి ఆయమ్మ.
ఒక్క పాటే కావాలని రెండు కాయితాలు సింపుకుని
మిగతాది నా సేతిలో ఎట్టీసింది,
ఇంకోలికి అమ్ముకో అని."

మరి ఈ గోధుమరంగు మరక?
"టీ."
ఇంకేదో చెబుతుందని చూశాను.
"టీయే బాబూ. ఒలికిపోనాది."

ఐదేళ్ళుగా నేను రాస్తున్న థీసిస్‌లో
ప్రేక్షకుడు అనే మాట
నాలుగు వందల సార్లుంది.
ఒక్కడికీ చక్రం లేదు,
ఒక్కడూ బాకీ లేడు.

కరెంటు పోయింది, వచ్చింది.
గళ్ళన్నీ మళ్ళీ మొదటి నుంచి నింపాను.
అప్‌లోడ్ గీత చీమలా పాకి అవతలికి చేరాక
కింద ఒక అంకె వెలిగింది:
చూసినవారు, ఒకరు.
అది నేనే.

"ఇది అందరికీ కనిపిత్తాదా?"
అందరికీ, పోలమ్మా. ఎక్కడున్నా.
చీర మూట మళ్ళీ విప్పుతూ కాసేపు ఆలోచించింది.
"అయితే సూరప్పడు సూత్తాడేమో.
రూపాయి ఇమ్మనమని రాయి."

మరకలు అన్న గడి తుడిచేసి
రాశాను.