ముక్కు లేని మెకానిక్

గ్దీన్యా రేవులో, బేకరీ పక్క సందులో
ఆరు మెట్లు దిగితే నా కొట్టు.
వాక్యూమ్ క్లీనర్లు బాగుచేస్తాను.
ఇరవై రెండేళ్ళు ఓడలకు రంగులు కొట్టిన ముక్కు నాది,
ఇప్పుడది కళ్ళజోడు ఆనడానికి తప్ప
దేనికీ పనికిరాదు.

అందుకే, మిషను బల్ల మీద పెట్టి
“కంపు కొడుతోంది” అంటే చాలదు నాకు.
ఏం కంపు?
స్విచ్చి వేసిన వెంటనేనా, గది సగం ఊడ్చాకా?
నిదానంగా చెప్పండి,
మీ ముక్కే నా స్క్రూడ్రైవరు.

“మాడు వాసన, జుట్టు కాలినట్టు”
అంది నర్సింగ్ చదివే పిల్ల.
బ్రష్షు తిరగేస్తే, ఒకే వాటాలో ఉండే ముగ్గురి జుట్టు
నల్లది, ఎర్రది, నీలం రంగేసింది
కలిసి జడల్లుకుంది రోలరు చుట్టూ.
కత్తెర వేశాను. కింద బెల్టు అరిగి నున్నబడింది.
కొత్తది పద్దెనిమిది జ్లోటీలు.
“సగం ఆ నీలం జుట్టుదే ఇవ్వాలి” అంది.

ముక్కిన వాసనన్నాడు ట్రాలీబస్సు డ్రైవరు,
తడికోట్లు వారం రోజులు బీరువాలో మగ్గినట్టు.
నీళ్ళేమైనా పీల్చారా?
లేదు.
మంచు తొక్కిన బూట్లు విడిచే పట్టా మీద?
ఆ... అది మరి రోజూ ఊడుస్తాను.
సంచి విప్పితే దుమ్ము దుమ్ములా లేదు,
బూజు పట్టిన రొట్టెముద్దలా ఉంది.
సంచి పారేయండి. ఫిల్టరు చన్నీళ్ళతో కడిగి
ఒక రోజంతా ఆరాకే బిగించండి,
తడిగా పెడితే మళ్ళీ ఈ మెట్లే దిగుతారు.
రోజుకి నాలుగుసార్లు చెబుతానీ మాట.
వినేవాళ్ళే ఉంటే నా కొట్టు ఎప్పుడో మూతపడేది.

జనవరి చివర్లో జెనోబియా గారొచ్చారు
మిషనును పిల్లల తోపుడు బండిలో కూచోబెట్టుకుని.
ఏం వాసనండీ?
“నాకేం తెలుసు! కిందివాళ్ళు ముక్కు మూసుకుంటున్నారు.
మొన్నటి జ్వరం పోతూ పోతూ
నా వాసనల్ని కూడా పట్టుకుపోయింది.”

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.
రెండు ముక్కులు. ఒక్కటీ ముక్కు కాదు.

బేకరీలోంచి ఈవోని కేకేశాను, పదేళ్ళవాడు.
గొట్టం మొనకి ముక్కు ఆనించి
చప్పున వెనక్కి లాక్కుని
“నీచు!” అన్నాడు.
చేపేనా?
“చేపే. చచ్చి చాన్నాళ్ళయింది.”

గొట్టం వంపులో కర్ర పెట్టి పొడిస్తే రాలాయి
క్రిస్మస్ చెట్టు సూదులు, ఒక గుండీ,
పొలుసులు ఊడని తోలుముక్క.
పండగనాటి కార్ప్ చేప.
దాని పొలుసు పర్సులో ఉంటే ఏడాదంతా
డబ్బాడుతుందని ఇక్కడి నమ్మకం.
జెనోబియా గారు ఒక్క పొలుసు గిల్లుకుని
రుమాలుతో తుడిచి పర్సులో వేసుకున్నారు.
“అందుకేనన్నమాట ఈ నెల పింఛను చాల్లేదు.”
నాకివ్వాల్సిన దాంట్లో రెండు జ్లోటీలు తగ్గించారు కూడా.

ఈవో మెట్లెక్కుతూ ఆగాడు.
“తాతా, ఒకటి చెప్పనా, ఏమీ అనుకోవుగా?
నీ కొట్టు కూడా కొడుతుంది.
చేప కాదు. వేరేది.”
వేరేదంటే?
చెప్పాడు.

ఆ సాయంత్రం బోర్డు తిప్పేసి
ఉన్న ఒక్క కిటికీ బార్లా తెరిచాను.
తరవాత పారేద్దామని తొమ్మిదేళ్ళుగా మూల దాచిన సంచులు
ఒక్కొక్కటే వీధిలోకి మోశాను.
సముద్రం మీది గాలి దిగుతోంది మెట్లమీంచి.
చల్లగా ఉందని తెలుస్తోంది, అంతవరకే.
మిగతాది రేపు ఈవో బడినించి వచ్చాక
అడగాలి.