కట్టు

కరెంటు కట్.
చిత్తూరు చర్చివీధి మలుపులో
మొగిలమ్మ వేళ్ళకు దీపం అక్కర్లేదు.
రెండు మల్లెలు, మరువం, ముడి.

మనవరాలు ఫోన్‌లో గొణుగుతా ఉంది:
"కట్టయిపోయిందే... ఆ, రేపు ఇంగ్లీషు క్లాసు కట్.
మా నాయనకి డెయిరీలో
నాలుగు దినాల జీతం కట్."

దాని అమ్మ కడుపు కూడా మొన్న
కోసినారనలేదు ఎవురూ.
కట్ చేసినారన్నారు,
నొప్పి తక్కువైనట్టు.

"ఏందిమే, వాళ్ళకి అంతా తెంపేదేనా?" అనింది అవ్వ.
"మనకు కట్టంటే
దూడను కట్టు, చీటీ కట్టు, ఇల్లు కట్టు.
మీ మామ చెయ్యిరిగితే పుత్తూరు కట్టు."

కరెంటొచ్చింది.
ఎవురో మూర అడిగినారు.
మోచేతికి కొలిచి
కత్తెర కనపడక
నారను పంటితో కొరికింది.

"ఇందమ్మా," అనింది
పెదవి మీది పోగు తుడుచుకుని,
"కట్ చేసినా."