తొంభై డిగ్రీలు

ఈ ఫారం మీద నాకు ఇచ్చినవి పదకొండు గీతలు.
"మీరు కళ్లారా చూసింది, మీ మాటల్లో" అని పైన అచ్చేసి ఉంది.
నా పేరు మార్లిస్ లిండ్‌హోమ్. డులూత్‌లో స్కూలు బస్సు నడుపుతాను.
ఆర్విడ్‌తో కాపురం ఇరవై ఆరేళ్లు.
గీతలు సరిపోవు,
వెనకవైపు కూడా రాస్తున్నాను.

పోయిన నెల మీ డాక్టరు దగ్గరికి నేనూ వెళ్లాను.
మంచి పిల్ల. చేతులు చల్లగా ఉంటాయని ముందే చెప్పింది.
రెండు ప్లాస్టిక్ బద్దలు కలిపిన కొలబద్ద తీసి
"వంగండి, ఎంతవరకు వీలైతే అంతవరకు" అంది.
ఆమె మెల్లగానే అంది.
అతనికి వినపడింది మాత్రం ఆర్డరు.

వంగాడు.
మడతకత్తి మూసుకున్నట్టు వంగి
బూట్ల ముందు నేలను వేళ్లతో తాకాడు.
ఐదేళ్లుగా ఆ బూట్ల లేసులు కట్టేది నేను.
"నొప్పి ఉందా?"
"లేదు మేడమ్."
ఆమె తొంభై అని రాసుకుంది.

కారు వెనక సీట్లో బోర్లా పడుకోబెట్టి ఇంటికి తెచ్చాను.
నాలుగు రోజులు వంటింటి నేల మీదే.
సూపులో స్ట్రా వేసి తాగించాను.
ఉచ్చకి సీసా పట్టాను.
ఇది రాయొద్దన్నాడు.
రాశాను.

సర్వీసుకీ ఈ నొప్పికీ సంబంధం ఏమిటని మీ ఉత్తరం.
మోకాలికీ బోడిగుండుకీ ముడిపెడుతున్నామనుకున్నారు కాబోలు.
విమానంలోంచి అరవై మూడు సార్లు దూకాడు.
వీపున పారాచూట్, తొడల ముందు వేలాడే బస్తా,
బస్తాలో మోర్టార్ కింద పరిచే ఇనప పళ్లెం.
రాత్రిపూట నేల ఎక్కడుందో
కాళ్లకి తగిలాకే తెలిసేదట.
అంతకుమించి నాకేం చెప్పలేదు.
ఆ కాళ్లని రాత్రిళ్లు పిసికేది నేనే కనుక
మిగతాది నా బొటనవేళ్లకి తెలుసు.

ఆస్పత్రి కాగితాలు ఏవీ అని అడిగారు.
నొప్పని వరసలో నిలబడ్డవాణ్ని ఆ రోజుల్లో ఏమని పిలిచేవారో
మీ ఆఫీసులో ఒక్కరికైనా గుర్తుండాలి.
ఉన్నది ఒకటే చీటీ. తొంభై నాలుగు, నార్త్ కరొలినా.
"కుడి మోకాలు వాచింది. మాత్రలిచ్చాం. తిరిగి డ్యూటీకి."
తిరిగి డ్యూటీకి.
ఇప్పటికీ అతను పొద్దున లేచేది ఆ రెండు మాటల మీదే.

చూసింది రాయమన్నారు కదా.
మేజోళ్లు వంటింటి పటకారుతో తొడుక్కుంటాడు.
ఆ పటకారు నేను మళ్లీ వంటకి వాడలేదు.
చర్చిలో అందరూ మోకరిల్లితే తనొక్కడే నిలబడతాడు.
కొత్త పాస్టరు అది పొగరనుకున్నాడు.
సరస్సు గడ్డకట్టాక మంచుకి బెజ్జం పెట్టే మరని
పక్కింటి కుర్రాడికి ఊరికే ఇచ్చేశాడు.
ఆ శీతాకాలమంతా మా ఇంట్లో చేప వండలేదు.

నాకూ విసుగొస్తుంది. అదీ రాయాలి.
వాకిట్లో మంచు తీయడానికి లేవలేదని
"మనిషివా, మొద్దువా" అన్నాను ఒకసారి.
లేచాడు.
పార అందుకున్నాడు.
ఆ రోజు నుంచి అతని ముందు ఏ పనీ పైకి అనను.

తెల్లారి మెట్ల మీద ముందుగా దిగేది ఆర్విడ్ కాదు,
అతని మోకాలి చప్పుడు.
కలుక్కుమనగానే మా కుక్క పెప్పర్ తోకాడిస్తూ లేస్తుంది.
ఈమధ్య పొయ్యిలో కట్టె పటుక్కుమన్నా
లేచి మెట్లవైపు చూస్తోంది.
దాని సాక్ష్యానికి మీ ఫారంలో చోటు లేదు.

మళ్లీ కొలవండి.
ఈసారి వంగమనకండి, లేవమనకండి.
బూట్లు అతని ముందు పెట్టి
మీరు బయటికెళ్లి తలుపు వేసుకోండి.
నన్ను కూడా లోపలికి రానివ్వకండి.
ఎంతసేపు పడుతుందో గడియారంలో చూసుకుని
అది రాసుకోండి.

బస్సు తీయాలి, పిల్లలు చలిలో నిలబడి ఉంటారు.
సంతకం కింద చేశాను.