తడిబట్టల అప్పు

గ్రిమ్స్‌బీ రేవులో చేపల వాసన సగం చచ్చిపోయింది,
మిగతా సగం
బెర్నిస్ థ్వెయిట్ కోటుని పట్టుకుని వేలాడుతోంది.
పంతొమ్మిదేళ్ళు చేపల ముళ్ళు తీసిన చేతులు.
ఇప్పుడు కీళ్ళు బిగుసుకుని,
కరెంటు మీటరు తాళం దూర్చడానికి కూడా
రెండు చేతులూ కావాలి.

వాషింగ్ మెషిన్ మోజు ఆమెది కాదు.
మనవడు రోరీ, ఎనిమిదేళ్ళు నిండినా
పక్క తడుపుతాడు.
వాళ్ళమ్మ ఎక్కడుందో ఆమె ఫోనుకే తెలుసు,
ఆ ఫోను ఎవరికీ చెప్పదు.
వీధి చివర లాండ్రీలో వాయికి ఆరు పౌండ్లు.

అప్పిస్తాం అన్నారు ఆఫీసు వాళ్ళు,
వడ్డీ లేదు అన్నారు.
ఎంత మెత్తటి మాట!
తడిగుడ్డ కూడా మెత్తగానే ఉంటుంది
గొంతుకు తగిలేదాకా.

ప్రతి నెలా పదిహేడో తారీకు
భత్యం వస్తుంది. రాకముందే కొంత పోతుంది.
కాగితం మీద దాని పేరు ‘తగ్గింపు’.
సాయంత్రం ఏడింటికి
బ్రెడ్డు మీద పసుపు చీటీ అంటిస్తారే,
అదీ తగ్గింపే.
ఒక తగ్గింపు వల్ల
ఇంకో తగ్గింపు కోసం క్యూలో నిలబడింది.

నెలకి యాభై ఎనిమిది తన వల్ల కాదని
ఫోను చేసింది.
నలభై నిమిషాలు ఒకటే వయొలిన్ ముక్క,
సరిగ్గా ఏడుపొచ్చే చోట తెగి
మళ్ళీ మొదటికొస్తుంది.
చివరికి నదీమ్ అనే కుర్రాడు, మర్యాదస్తుడు.
ఖర్చులు చెప్పండి మేడమ్.
గ్యాసు. కరెంటు. బస్సు. పిల్లాడి బూట్లు.
బూట్లు ప్రతి నెలా కాదులే, అబద్ధమెందుకు.
టీవీ ఉందా?
ఉంది, అంది దొంగసొత్తు ఒప్పుకున్నట్టు.
శనివారం లాటరీ టికెట్టు సంగతి మాత్రం
మింగేసింది.

అవతల టకటకలు. యాభై ఎనిమిది ముప్పై ఒకటైంది.
“కానీ ఎనిమిది నెలల్లో తీరేది
పదిహేను నెలలు పడుతుంది.”
“పర్లేదు బాబూ, నేనెక్కడికి పోతాను?”
అని ఆమె నవ్వింది.
సంభాషణ రికార్డవుతోంది కాబట్టి
అతను నవ్వలేదు.

పదో నెలలో మెషిన్ ఒక్క కేక పెట్టి ఆగిపోయింది,
కడుపునిండా నీళ్ళతో.
తలుపు రాలేదు.
గాజు వెనక దుప్పటి మీది డైనోసార్
ఆమెనే చూస్తోంది.
వస్తువు పోయింది. ఐదు వాయిదాలు పోలేదు.

ఆ తర్వాత స్నానాల తొట్టిలో నీళ్ళు పట్టి
రోరీని దించింది.
ప్యాంటు పైకి మడిచి బట్టలు తొక్కుతూ
“ఇప్పుడు నేను ఏ నంబరు మీద ఉన్నాను అమ్మమ్మా,
నలభయ్యా అరవయ్యా?” అని వాడు.
పిండడం ఆమె వల్ల కాలేదు.
చెరో కొస పట్టుకుని
ఇద్దరూ చెరో వైపు మెలిపెట్టారు.
ఎక్కడ ఆపాలో
బట్టే చెబుతుంది చేతికి.

జూన్ పదిహేడు.
ముప్పై ఒకటి ఎక్కువ పడింది.
మూడుసార్లు చూసింది.
పొరపాటున వేశారేమో, మళ్ళీ లాక్కుంటారేమో,
పక్కింటి గ్లెనిస్‌కి అలాగే అయింది.
బ్యాంకు నుంచి తీసి టీ డబ్బాలో పెట్టి
మూత గట్టిగా నొక్కింది.
ఒక రాత్రి మీటరు ఖాళీ అయి ఇల్లు చీకటైతే
చీకట్లోనే కూర్చుంది గానీ
డబ్బా ముట్టుకోలేదు.

జూలైలో కూడా పూర్తిగా వచ్చింది.
“అయితే మనం ఇంక ఎవరికీ బాకీ లేమా?”
రోరీ అడిగాడు.
“లేనట్టే ఉంది,” అంది.

అప్పుడు డబ్బా తెరిచింది.
పది తీసి, ఎందుకో ఆగి, ఐదు మళ్ళీ లోపల పెట్టి,
మిగిలిన ఐదుతో మూలమీది దుకాణానికెళ్ళి
మీటరు తాళం నింపుకొచ్చింది.
లైటు వెలిగాక, నిద్రపోతున్న వాడి నడుం కింద
చెయ్యి పోనిచ్చి చూసింది.

ఈ రాత్రికి పొడిగానే ఉంది.